పొగగొట్టము పగిలినప్పుడు

ఈ సాయంకాలము నేను రాజులను గూర్చి గాని యుద్ధములను గూర్చి గాని చెప్పబోవుట లేదు. ఒక పోత ఇనుప గొట్టమును గూర్చి చెప్పెదను. మోటారు ఇంజను ప్రక్కను నాలుగైదు నోళ్లతో, చేతివ్రేళ్లవలె చాచుకొనియుండి, చివరకు ఒక్క మణికట్టుగా కలిసిపోవు గొట్టమును మీలో అనేకులు చూచియే యుందురు. ఇంజనులో మండిన వాయువు ఆ వ్రేళ్లగుండ దిగి, మణికట్టు దాటి, సైలెన్సరు మీదుగా బండి వెనుకకు పోవును. మెకానిక్కులు దానిని మానిఫోల్డు అందురు. పొగగొట్టము మొదలు అని చెప్పినను పల్లెలో తెలియును. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఆ ఒక్క సామాను పగిలినప్పుడు దానిని స్వయముగా బాగుచేసికొనుటకు మనవారు ఎక్కడెక్కడినుండి ఏమేమి తెచ్చుకొనిరి, తెచ్చుకొనలేనప్పుడు ఏమి చేసిరి అనునదే నేటి విషయము.

గొట్టమునకు చరిత్ర యేమి యని పెద్దలు నవ్వవచ్చును. కుండ చరిత్ర చెప్పవలెనన్న మట్టితో మొదలుపెట్టవలెను గదా. ఈ గొట్టమునకు ఇనుమే మట్టి. ఇనుము మాట వచ్చినప్పుడు మన ప్రాంతము తల వంచుకొనవలసిన పని లేదు.

గోదావరికి దక్షిణమున కొన్ని కోసుల దూరములో, నేటి నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. ఆవలి గట్టున నిర్మలు ప్రాంతములో దిమ్మదుర్తి కలదు. దిమ్మదుర్తి వైపున దొరకు నల్లని అయస్కాంతపు ఇసుక రాతినుండి ఇనుము తీయుట పూర్వమునుండియు ఉన్న వృత్తి. కోనసముద్రములో ఉక్కు చేయుచుండిరి. ఇంగ్లీషు కంపెనీవారి భూమికొలత శాఖలో వైద్యుడుగాను భూగర్భ పరిశోధకుడుగాను పనిచేసిన వాయిసీ దొర 1820 ప్రాంతమున అచ్చటి కొలుములను కన్నులార చూచి వ్రాసిపెట్టెను. అతడు 1824లో చనిపోగా, ఆ వ్రాత 1832లో కలకత్తా ఆసియాటిక్ సంఘమువారి పత్రికలో అచ్చయ్యెను. దానివలన మనకు తెలియునదేమనగా, ఉక్కు చేయువారు ఒకే యినుమును వాడువారు కారు. రెండు వేరువేరు చోట్ల తీసిన రెండు తీరుల ఇనుమును, ఒకటి మూడు పాళ్లు, ఒకటి రెండు పాళ్లు కలిపి, మట్టి మూసలో పెట్టి, రాత్రింబగళ్లు తిత్తులూది కరగించెడివారు. ఆ ఉక్కు కొనుటకు పారసీక దేశపు వర్తకులు అంత దూరమునుండి వచ్చి, పని జరుగుచుండగా దగ్గరనే కూర్చుండి చూచెడివారు.

ఈ రెండిటి కలయికను మనసులో ఉంచుకొనుడు. ఏ ఇనుము ఎక్కడిది, దేనితో దేనికి పొత్తు కుదురును అని తెలియుటయే ఆ కమ్మరుల విద్య. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కూడి ఉత్తర తెలంగాణపు పల్లెలు తిరిగి, పాత కొలుముల గుర్తులు పరిశీలించిరి. మీ ఊరి చెరువు కట్టక్రింద నల్లగా, గాజువలె మెరయు చిట్టెపు గడ్డలు కానవచ్చినచో అవి ఆ వృత్తి విడిచిపోయిన బూడిదయే.

అట్లయిన, ఉక్కు చేసినవారి మనుమలకు ఒక పొగగొట్టము చేసికొనుట ఎందుకు కష్టమాయెను? ఇక్కడ ఒక చిక్కు కలదు. ఇనుమనునది ఒక్క వస్తువు కాదు. బొగ్గుసారము, అనగా కర్బనము, దాదాపు లేనిది మెత్తని ఇనుము. నాగటి కర్రు, బండి పట్టా దానితో అగును. నూటికి ఒకటి ఒకటిన్నర పాళ్లు కర్బనము చేరినది గట్టి ఉక్కు, కత్తికి పనికివచ్చును. మూడు నాలుగు పాళ్లు చేరినది పోత ఇనుము. మెత్తని ఇనుము ఎఱ్ఱగా కాలినప్పుడు సమ్మెటకు లొంగును. పోత ఇనుము లొంగదు, కొట్టిన పగులును. దానిని 1150 డిగ్రీలకు పైగా కాచి, నీరుచేసి, ఇసుక అచ్చులో పోయవలెను. మన పల్లె కొలిమిలో ఇనుము మెత్తబడి ముద్దయగుటయే గాని, నీరై అచ్చులోనికి పారుట వాడుకలో లేదు. పోతవిద్య మన జిల్లాలలో లేకపోలేదు. ఆదిలాబాదు అడవులలోని ఉషేగాము, కేస్లాగూడ ఓజాలు మైనముతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనము కరగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోయుదురు. 2018లో ఆ పనికి ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే అది ఇత్తడి పోత. కత్తి యుక్కు ఒక చోట, పోతవిద్య వేరొక చోట ఉండెను. మోటారు పొగగొట్టమునకు కావలసినది ఇనుప పోత; అది రెంటి నడుమను జారిపోయినది.

ఇంతలో సీమ ఇనుము చౌకగా ఓడలెక్కి వచ్చెను. కొలిమికి కావలసిన బొగ్గునకై అడవి నరుకుటకు కట్టుబాట్లు వచ్చెను. తీయువారి కొలుములు ఒక్కొక్కటిగా ఆరిపోయెను. కొట్టువారి కొలుములు మాత్రము నిలిచెను. కమ్మరి ఇనుము తీయుట మాని, కొన్న ఇనుమును సాగగొట్టువాడాయెను.

అప్పుడు మోటారు వచ్చినది. 1932 జూను 15వ తేదీన నిజాము రాష్ట్ర రైల్వేవారు తమ క్రింద రోడ్డు రవాణా శాఖను స్థాపించి, 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను పని ప్రారంభించిరి. ఆ మొదటి కాలపు బస్సులు ఆల్బియను కంపెనీవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరమునందు తయారైనవి. అనగా, వాని పొగగొట్టము పగిలినచో కొత్తది గ్లాస్గోనుండి ఓడలో బొంబాయికి, బొంబాయినుండి రైలులో హైదరాబాదునకు రావలెను. రైల్వేశాఖకు లాలాగూడలో 1893 నుండియు పెద్ద కార్ఖానా ఉండెను. సామాను నిలువ చేసికొనుటకు కొట్లుండెను. ఒక ఫోర్డు గాని షెవర్లే గాని కొనుక్కొన్న దేశముఖునకో, అద్దెకు లారీ త్రిప్పు షాహుకారునకో అట్టి ఆసరా ఏది?

దూరమన్న ఏపాటిదో చూడుడు. కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుదారి 1929 నాటికి పూర్తియాయెను. దానిమీద జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి కలవు. కరీంనగరు పట్టణము లేదు. పెద్దపల్లిలో సామాను దించి ఇరువది మైళ్లకు పైగా బండిమీద తేవలెను. పెద్దపల్లినుండి కరీంనగరు మీదుగా నిజామాబాదు చేరు రైలుదారి 2017లో గాని పూర్తి కాలేదు. నిర్మలుకు నేటికిని రైలు లేదు. దూరము చాలదన్నట్లు పన్నులొకటి. బ్రిటిషు ఇండియా నుండి సరుకు వచ్చినచో సరిహద్దున కరోడుగిరివారు నూటికి అయిదు చొప్పున సుంకము తీసికొనెడివారు. బొంబాయి వర్తకుడు హాలీ సిక్కా పుచ్చుకొనడు, కల్దారు రూపాయలే కావలెను. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయలకు పైగా చెల్లించవలెను. ధర చీటీలో నూరని యున్న సామాను, ఇల్లు చేరునప్పటికి నూట పాతికవరకు పెరిగెడిది. మన పెద్దలలో హాలీ కల్దారు లెక్క మరువనివారు ఇంకను కొందరుందురు.

అందుచేత మొదటినుండియు మనవారు రెండు పనులు నేర్చుకొనిరి. పగిలినదానిని పారవేయకుండుట ఒకటి. చచ్చిన బండి ఎక్కడ పడియున్నదో జ్ఞాపకముంచుకొనుట రెండవది. ఏ గడీ వెనుక ఏ మోటారు తుప్పుపట్టుచున్నదో ఆ కాలపు డ్రైవరులకు తెలిసినంత, ఇంటివారికి కూడ తెలియదనవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యను బలవంతముగా బడిపెట్టి నేర్పినది. సీమ కార్ఖానాలు బస్సులు మాని యుద్ధ సామగ్రి చేయుచుండెను, ఓడలు మునుగుచుండెను. 1941లో దేశములో పెట్రోలునకు రేషను పెట్టిరి. అప్పుడు బండ్లకు వెనుకనో ప్రక్కనో ఒక పెద్ద ఇనుప పీపా బిగించి, అందులో కట్టెబొగ్గు రాజబెట్టి, ఆ గ్యాసుతో ఇంజను నడుపసాగిరి. 1942లో హైదరాబాదులో ఆల్విను లోహపు కార్ఖానా వెలసి, పిదప బస్సులకు పైకట్టు కట్టసాగెను. పైకట్టు ఇక్కడనే కట్టుకొనగలిగిరి. ఇంజను పోతలు మాత్రము సీమవియే.

ఈ బొగ్గుగ్యాసును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నేటి విషయమునకు దానికి దగ్గర చుట్టరికము కలదు. ఆ గ్యాసులో సుమారు నాలుగవ వంతు కార్బను మోనాక్సైడు. దానికి వాసన లేదు, రంగు లేదు, గొంతు కోయదు, కన్ను మండింపదు. అది నెత్తురులో చేరి ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. మనిషి దగ్గడు, తలనొప్పి యనును, నిద్ర వచ్చుచున్నదనును, నిద్రపోవును, కొన్నిసార్లు లేవడు. పెట్రోలు ఇంజను మానిఫోల్డులో పారు పొగయందును ఆ విషమే కలదు. కావున పొగగొట్టపు బీట వట్టి చప్పుడు కాదు. సైలెన్సరు వెనుక పగిలినచో ఊరు తిట్టును. మానిఫోల్డు పగిలినచో విషము బండిలోనికే వచ్చును. విడిభాగము ఎక్కడినుండి తెచ్చితిమి, ఎట్టిది తెచ్చితిమి అను ప్రశ్న డబ్బు ప్రశ్న మాత్రమే కాకపోవుటకు కారణమిది.

యుద్ధము ముగిసినది. సైన్యములు విడిచిన జీపులు, అమెరికా లారీలు దేశమంతట వేలములలో అమ్ముడుపోయెను. మన రాష్ట్రమునకు ఆ ఊరట చిరకాలము నిలువలేదు. 1947 నవంబరులో యథాతథపు ఒడంబడిక జరిగినను, 1948లో హైదరాబాదు సరిహద్దులలో సరకుల రాకపోకలు బిగుసుకొనిపోయెను. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. ఆ పిమ్మట కరోడుగిరియు, హాలీ సిక్కాయు కాలక్రమమున పోయెను. రోడ్డు రవాణా శాఖ 1951 నవంబరు 1న రైల్వే చేతినుండి రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. అయితే క్రొత్త చిక్కొకటి తలయెత్తెను. 1953లో భారత ప్రభుత్వము, ఈ దేశములో సామాను తయారు చేయక, తెచ్చి కూర్చుటతో సరిపెట్టు కంపెనీలకు ఇక తావు లేదని నిర్ణయించెను. ఫోర్డు, జనరల్ మోటార్సువారు బొంబాయి కార్ఖానాలు మూసి వెళ్లిరి. నిర్ణయము దేశమునకు మంచిదే యనుకొందును. దానివలననే అంబాసిడరు, ఫియటు, మహీంద్రా జీపు, టాటా లారీ సామాను ఇక్కడ పుట్టినది. కాని ఆనాటికి మన ఊళ్లలో నడుచుచున్న ఫోర్డులు, షెవర్లేలు ఒక్కసారిగా తల్లిలేని పిల్లలైనవి. వానికి సామాను కావలసినచో సికింద్రాబాదు రాణీగంజి కొట్లు, బొంబాయి పాతసామాను బజారులు, లేదా మన చెట్టుక్రింది మెకానిక్కు.

ఇక్కడ మరల చరిత్ర యొకటి కలదు. పుస్తకములలో వ్రాయబడనిది, చేతికి తెలిసినది. నట్టుల మరల చరిత్ర.

మానిఫోల్డును ఇంజను తలకు బిగించునవి స్టడ్డులు, వానిమీద నట్టులు. ఆల్బియను వంటి ఇంగ్లీషు బండ్లకు విట్‌వర్తు మర. 1841లో విట్‌వర్తు అను ఇంగ్లీషువాడు దానిని ఏర్పరచెను. ఆ మర పన్ను కోణము 55 డిగ్రీలు. అమెరికా బండ్ల మర 1864లో ఏర్పడినది. దాని కోణము 60 డిగ్రీలు. అర అంగుళపు బోల్టు తీసికొన్నచో చిక్కు వెంటనే బయటపడును. ఇంగ్లీషుదానికి అంగుళమునకు 12 పన్నులు, అమెరికాదానికి 13. రెండు చుట్లు తిరుగగానే బిగుసుకొని నిలుచును. అట్లు నిలుచుట మేలు, మోసము లేదు. మానిఫోల్డునకు సాధారణముగా వాడు సన్నని కొలతలలోనే మాయ కలదు. 5/16 అంగుళమునకు రెండు దేశములందును 18 పన్నులే. 3/8 అంగుళమునకు 16 పన్నులే. ఇంగ్లీషు నట్టు అమెరికా స్టడ్డుమీద చక్కగా ఎక్కును, తిరుగును, బిగుసుకొన్నట్లే తోచును. కోణములో తేడా ఉన్నందున పన్ను పన్నును నిండుగా తాకదు. ఇంజను కాగి చల్లారి, కాగి చల్లారి, నాలుగు దినములలో వదులగును. 1956లో దేశములో మీటరు కొలతల చట్టము వచ్చిన పిమ్మట మూడవ మర కూడ చేరినది. 8 మిల్లీమీటర్ల బోల్టును 5/16 దానిని ప్రక్కప్రక్కన పెట్టినచో కన్నునకు భేదము తెలియదు. 8 ఎక్కడ, 7.94 ఎక్కడ! మరలు మాత్రము పొసగవు. తుక్కుబజారులో ఈ మూడు తీరుల నట్టులు ఒకే గంపలో ఉండును, అమ్మువాడు తూకము వేసి ఇచ్చును.

ఈ మాయకు నేను లోబడిన కథ చెప్పెదను. 1980లు గడచుచుండిన కాలము. ఒక పాత పెట్రోలు జీపులో పుష్యమాసపు చలిలో ఆదిలాబాదునుండి నిర్మలుకు వచ్చుచుంటిమి. వారము క్రిందటనే ఒకచోట మానిఫోల్డు నట్టులు మార్పించియుంటిని. ఏ ఊరో, ఏ దుకాణమో ఇప్పుడు చెప్పనేల. అతడు గంపలోనుండి చేతికి దొరికినవి తీసి బిగించెను, నేను డబ్బిచ్చితిని. చలికని అన్ని వైపుల పరదాలు దించి కట్టితిమి. మహబూబు ఘాటు దిగునప్పటికి ఇంజనులో టప టప మను చప్పుడు వినవచ్చెను. నట్టు వదులైనదనుకొని, ఊరు చేరి చూతమని పోనిచ్చితిని. వెనుక కూర్చున్న మా మేనత్త తల పగిలిపోవుచున్నదనెను; కొంత సేపటికి పలుకుటయే మానెను. ఆమెకు బండి ప్రయాణము పడదని అందరమును అనుకొంటిమి. నాకును కన్నులు మూతలు పడుచుండెను. డ్రైవరు కుఱ్ఱవాడు మూత్రవిసర్జనకని బండి నిలుపుట మా అదృష్టము. గాలి తగిలి నేను తెప్పరిల్లి, పరదా విప్పి చూడగా అత్త ముఖము ఎఱ్ఱబారి, పిలిచిన పలుకక యుండెను. దించి రోడ్డు ప్రక్కన పరుండబెట్టితిమి. గంట గడచిన పిమ్మట వాంతి చేసికొని లేచి కూర్చుండెను. ఆమె మరి పది పండ్రెండేండ్లు బ్రతికినది. ఎన్నడును ఆ జీపు ఎక్కలేదు.

విప్పి చూడగా, రెండు నట్టులు ఊడిపోయినవి. వదులైన చోట వేడి పొగ తన్నుకొనివచ్చి గ్యాస్కెట్టు కాలిపోయినది. ఒక చివర వదులై, వేరొక చివర బిగిసియుండుటచేత నడుమ గొట్టమే బీటలిచ్చినది. అందుకు కారణము సులభముగా లెక్కకట్టవచ్చును. అర మీటరు పొడవుగల పోత ఇనుము 500 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు మూడు మిల్లీమీటర్లు సాగును. సాగుటకు రెండు వైపుల సమానముగా చోటు ఉన్నచో బాధ లేదు. ఒక వైపు పట్టి, ఒక వైపు విడిచినచో అది తన్నుకొని తన్నుకొని పగులును. మానిఫోల్డు స్టడ్డుల రంధ్రములను చేసినవారు కొంచెము పెద్దవిగా విడుచుట ఇందులకే. ఆ సందు చూచి, చేసినవాడు పొరపాటుపడెనని ఇత్తడి గొట్టము తొడిగి బిగించువారు కలరు! అట్లు చేయరాదు.

క్రొత్త మానిఫోల్డు హైదరాబాదునుండి తెప్పింపవలెను, పాతబండి గనుక దొరకునో దొరకదో అనిరి. దగ్గరి పల్లెలో ఒక వృద్ధ కమ్మరి ఉన్నాడనగా ఆయనయొద్దకు పోతిని. ఆయన గొట్టమును త్రాడుతో వ్రేలాడగట్టి, చిన్న సుత్తెతో తట్టి, చెవి యొగ్గి వినెను. మంచి పోత గంటవలె మ్రోగును. బీటలిచ్చినది పగిలిన కుండవలె పలుకును.

“తాతా, కొలిమిల పెట్టి అతికియ్యరాదా?” అంటిని.

“గిది పోతినుము సారూ. నా సమ్మెటకు అతకది, ఇంకింత పల్గుతది. గ్యాసు పెట్టెటోన్ని పిలువుండ్రి, నేను కాపి ఇస్త. కాపకుండ అతికిచ్చిండ్రనుకో, రేపు పక్కపొంట పల్గుతది,” అనెను.

తనకు రానిది రాదని చెప్పిన పనివాడు నాకు ఆనాడు దొరికెను. ఆయన మొదట గొట్టమునకు కిరసనాయిలు పట్టించి, తుడిచి, సుద్ద పూసెను. కాసేపటికి కంటికి కానరాని బీటలో దిగిన నూనె సుద్దమీదికి ఊరి, బీట ఎంత దూరము పోయినదో గీత గీసి చూపెను. ఆ గీత రెండు కొసలను చిన్న రంధ్రములు తొలిపించెను. బీట ఆ రంధ్రము చేరి ఆగును, ముందుకు ప్రాకదు. గ్యాసు వెల్డింగు చేయు యువకుడు పట్టణమునుండి వచ్చెను. అతుకునకు ఇత్తడి కడ్డీ వాడుదునని అతడనగా, తాత ఒప్పలేదు. ఇత్తడి అతుకు నీటి పంపునకు చాలును. ఎఱ్ఱబారునంతగా కాగు చోట అది మెత్తబడి విడిపోవును. పోత ఇనుమునకు పోత ఇనుప కడ్డీయే కావలెనని ఆయన పట్టుబట్టెను. రెండు ఇనుములకు పొత్తు చూచు కోనసముద్రపు లెక్క నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆయనతో చెప్పినచో నవ్వియుండెడివాడు.

కడ్డీ ఎక్కడిది? పట్టణములో ఆ దినము దొరకలేదు. తాత తన తుక్కులోనుండి ఒక పాత పిస్టను రింగు ముక్క తీసి, ఇసుక చక్రమునకు తాకించెను. మెత్తని ఇనుము, ఉక్కు పొడుగైన తెల్లని నిప్పురవ్వలు చిమ్మును. పోత ఇనుము పొట్టివి, ఎఱ్ఱనివి రాల్చును. రవ్వలు చూచి ఇది మంచి బూడిదరంగు పోత యని తేల్చెను. గొట్టమును బొగ్గు నిప్పులలో మెల్లమెల్లగా, అన్ని వైపుల సమముగా కాచి, ఎఱ్ఱని చాయ తిరిగిన పిమ్మట అతుకు పెట్టించి, వెంటనే వేడి బూడిదలో పూడ్చి, మరునాటి సూర్యోదయము వరకు ముట్టనీయలేదు. త్వరగా చల్లారినచో అతుకు గాజువలె పెళుసగును. ఆ రాత్రి మేము ఆయన పందిరిలోనే పరుంటిమి.

మరునాడు గొట్టపు నోళ్లన్నియు ఒకే మట్టమున ఉన్నవో లేవో చూడవలసియుండెను. వెల్డింగునకు వంగని పోత లేదు. చదునైన రాతిపలకపై మసి నూనె పూసి, నోళ్లను దానిపై రుద్దగా, ఎత్తుగా నున్న చోట మసి అంటెను. అక్కడ ఆకురాయి పట్టించిరి. స్టడ్డులను, నట్టులను గ్యాసు యువకుడు పట్టణములోని లేతు మిషనుపై ఒకే మరతో క్రొత్తగా తీయించి తెచ్చెను. నట్టులు ఇత్తడివి. ఇత్తడి ఇనుముతో తుప్పుపట్టి కరచుకొనిపోదు, మరల విప్పవలసినప్పుడు స్టడ్డు విరుగదు. విరిగిన స్టడ్డు ఇంజను తలలో మిగిలిపోయినచో దానిని తొలిచి తీయు పని, చెడ్డ పల్లు పీకుటకంటె కష్టము. నాలుగు రాళ్లు మిగులునని చూచి ఇనుప నట్టులు వేసినవారికి ఆ కష్టము తెలియును.

గ్యాస్కెట్టు మాత్రము కొన్నది. ఆ కాలమున అది రాగిరేకుల నడుమ ఆస్బెస్టాసు పెట్టి చేసినది. చాల కొట్లలో ఆస్బెస్టాసు అట్ట తెచ్చి, కత్తెరతో కోసి, నోటితో ఊది ధూళి దులిపి బిగించెడివారు, నేనును ఊదినవాడనే. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరబడి నిలిచి కాన్సరు కలిగించునని ఇప్పుడు అందరికిని తెలిసియున్నది. నేడు గ్రాఫైటువి, ఉక్కు రేకులవి దొరకుచున్నవి. పాత ఇంజను విప్పువారు ఆ పాత అట్టను పొడిగా గీకరాదు. తడిపి, ముక్కునకు తగిన మాస్కు కట్టుకొని తీయవలెను. పాత సామాను వాడుకొనుటలో నేను మొండివాడనే. ఈ అట్ట విషయములో మాత్రము నాకు మొండితనము లేదు.

ఆ అతుకు నేను జీపు అమ్మివేయువరకు, అనగా ఏడేండ్లు నిలిచినది.

ఈ కథ జరిగిన తరువాత మన జిల్లాల రూపమే మారినది. 2016 అక్టోబరులో పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మలు, మంచిర్యాల, ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడెను. సామాను దొరకుట సులభమాయెను. పాత ట్రాక్టరునకు, జీపునకు మానిఫోల్డు కావలసినచో ఇంటనుండియే ఫోనులో చూచి తెప్పించుకొనుచున్నారు. అయినను పొసగని సామాను వచ్చుట తగ్గలేదు. పోతపైన అచ్చుగా లేచియుండు అంకెలను వ్రాసికొని, నోళ్ల నడుమ దూరమును కొలిచి, స్టడ్డు మర దేనిదో పన్నుల దువ్వెనతో చూచి, ఆ పిమ్మట అడిగినవానికి సరియైనది దొరకును. బండి పేరు మాత్రము చెప్పి అడిగినవానికి ఆ పేరుగల వేరొక సంవత్సరపు గొట్టము వచ్చును. పాతది కొనునప్పుడు త్రాడుకు కట్టి తట్టి చూడనిదే డబ్బు చెల్లింపరాదు.

క్రొత్త బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిలు 1 నుండి దేశములో అమలగుచున్న పొగ కట్టుబాట్లకు లోబడి వచ్చిన కార్లలో చాలవాటికి పోత గొట్టమే లేదు. పలుచని ఉక్కు గొట్టములు అతికి, వానికి వెంటనే పొగను శుద్ధిచేయు డబ్బాను చేర్చి, ప్రాణవాయువును కొలుచు ముల్లునొకదానిని గ్రుచ్చి, అన్నియు ఒకే ముక్కగా చేయుచున్నారు. ఆ డబ్బాలో ప్లాటినము, పల్లాడియము వంటి విలువైన లోహములుండును గనుక దొంగలు దానిని కోసికొనిపోవుటయు మొదలైనది. అట్టిదానిలో బీట పుట్టినచో మన తాత సుత్తెతో తట్టినను అది గంటవలె మ్రోగదు. కంప్యూటరు తగిలించి చూచు కుఱ్ఱవానియొద్దకు పోవలసినదే.

ఆ వృద్ధ కమ్మరి ఇప్పుడు లేడు. ఆయన కొలిమి ఉన్న చోట ఆయన మనుమడు ట్రాక్టరు ట్రాలీలు కట్టు వెల్డింగు షెడ్డు పెట్టినాడు. మొన్న ఆ దారిని పోవుచు లోనికి తొంగిచూచితిని. గోడకు, పనిముట్ల నడుమ, పాత పిస్టను రింగులు ఒక తీగకు గ్రుచ్చి వ్రేలాడుచుండెను. ఇవి ఎందుకని అడిగితిని. “తాత తీసిపెట్టెటోడు సారూ, పోతినుము అతుకుడు పడ్డప్పుడు అక్కెరకస్తయి,” అని చెప్పి, అతడు మరల అద్దము ముఖమునకు దించుకొనెను.